ఫైలిన్ పెరిగింది, లెహర్ కరిగింది

ప్రసంగ పాఠం. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది. తడబాట్లు మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. ఫ్యాన్లు ఆపమన్నది నేనే, మైకులో హోరు వస్తోందని. తుఫాను గురించి చెప్తానని పిలిచి గాలి ఆపేశాడేంటి అని తిట్టుకోకండి, కాసేపు ఓర్చుకోండి.

2013 సంవత్సరం గుర్తుందా మీకు? వెనక వరుసలో కూర్చున్న పిల్లలకి ఉండదు, పెద్దవాళ్లకి ఉంటుంది. సమైక్యాంధ్ర ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. ఆ ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లో మన తీరం మీదకి మూడు తుఫాన్లు ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. ఫైలిన్, హెలెన్, లెహర్. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఉన్న తేడా గురించే. మధ్యలోది కూడా అవసరమే, దాని సంగతి తర్వాత చెప్తాను, మర్చిపోతే గుర్తు చెయ్యండి.

ఫైలిన్ అక్టోబరు 8న అండమాన్ సముద్రంలో వాయుగుండంగా మొదలైంది. 9వ తేదీ సాయంత్రానికి తుఫాను అయింది. గాలి వేగం గంటకు 65 కిలోమీటర్లు. ఈ వేగంతో చెట్ల కొమ్మలు విరుగుతాయి, పాత రేకులు లేస్తాయి, మన తీరంలో ఎవరూ పెద్దగా కంగారుపడరు. మరి 11వ తేదీ పొద్దున లేచేసరికి ఎంత? 215 కిలోమీటర్లు! ఎన్నాళ్లు పట్టింది? రోజున్నర. 65 నుంచి 215కి రోజున్నర! వేగం మూడు రెట్లు పెరిగితే దెబ్బ కూడా మూడు రెట్లే పెరుగుతుందనుకోకండి. గాలి ఒక గోడని నెట్టే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లెక్కేస్తే పది రెట్లు దాటుతుంది. 12వ తేదీ రాత్రి అది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఒడిశాలో, మన శ్రీకాకుళం జిల్లాలో కలిపి సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు కాబట్టి 1999 నాటి ఒడిశా సూపర్ సైక్లోన్ ఘోరం మళ్లీ జరగలేదు.

ఇక లెహర్. అదీ అండమాన్ సముద్రంలోనే పుట్టింది, నవంబరు 23న. 25న పోర్ట్ బ్లెయిర్ దగ్గర దాటింది. 26కి అతి తీవ్ర తుఫాను, గంటకు 140 కిలోమీటర్ల గాలులు. మచిలీపట్నం, కాకినాడ ప్రాంతాల్లో అందరికీ టెన్షన్. ఫైలిన్ చూసి నెలన్నరే అయింది కదా! అధికారులు ఊళ్లు ఖాళీ చేయించారు. ఇంతకీ ఏమైంది? 27న అది మధ్య బంగాళాఖాతం దాటి మనవైపు వస్తూ వస్తూ, ఒక్క రోజులోపే, అతి తీవ్ర తుఫాను కాస్తా వాయుగుండమైపోయింది. 28 మధ్యాహ్నం మచిలీపట్నం దగ్గర ఒడ్డెక్కేసరికి దానిలో ఏమీ మిగల్లేదు. వాతావరణ శాఖ వాళ్లని జనం ఎగతాళి చేశారు. నాకైతే అప్పుడు నవ్వు రాలేదు, ఇప్పుడూ రాదు.

అదే సముద్రం, దాదాపు అదే పుట్టుక, నెలన్నర తేడా. ఒకటి రోజున్నరలో రాక్షసి అయింది, ఇంకొకటి సముద్రంలోనే కరిగిపోయింది. ఎందుకు?

ముందు తుఫాను దేంతో నడుస్తుందో చూద్దాం. పిల్లల్ని అడుగుతాను, గాలితోనా? కాదు. గాలి దాని ఫలితం. నడిపేది సముద్రపు వేడి. ఒక లీటరు నీళ్లని మామూలు వేడి నుంచి సలసల మరిగేదాకా కాచడానికి ఎంత గ్యాసు ఖర్చవుతుందో, ఆ లీటరు మొత్తాన్ని ఆవిరి చెయ్యడానికి దానికి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. ఆ వేడంతా ఎక్కడికీ పోదు, ఆవిరిలో దాక్కుంటుంది. ఆవిరి పైకి వెళ్లి చల్లబడి మేఘంగా మారినప్పుడు ఆ వేడి బయటికొస్తుంది. తుఫాను నడిమధ్య గాలి వేడెక్కి తేలికవుతుంది, కింద పీడనం పడిపోతుంది, చుట్టూ ఉన్న గాలి లోపలికి దూసుకొస్తుంది. భూమి తిరుగుతోంది కాబట్టి ఆ గాలి నేరుగా రాకుండా చుట్టు తిరుగుతుంది. ఇక్కడ జాగ్రత్తగా వినండి. గాలి ఎంత జోరుగా వీస్తే సముద్రం నుంచి అంత ఎక్కువ ఆవిరి లేస్తుంది. ఎక్కువ ఆవిరి లేస్తే మళ్లీ గాలి జోరు పెరుగుతుంది. తుఫాను తన మేత తానే పెంచుకుంటూ పోతుంది. అడ్డేమీ లేకపోతే ప్రతి తుఫానూ ఫైలిన్ కావాల్సిందే. కాబట్టి ఎలా బలపడింది అని అడగడం కన్నా, దేని అడ్డు లేక బలపడింది అని అడిగితే విషయం తొందరగా తేలుతుంది.

మొదటి అడ్డు నీళ్ల కిందే ఉంది. తుఫాను పుట్టాలంటే సముద్రం పైన ఇరవై ఆరున్నర డిగ్రీల వేడి ఉండాలని పుస్తకాల్లో చదివే ఉంటారు. అది పుట్టడానికి సరిపోతుంది. పెరగడానికి మాత్రం వేడి నీరు ఎంత లోతు దాకా ఉందో చూడాలి. ఎందుకంటే తుఫాను కవ్వంలా సముద్రాన్ని చిలికేస్తుంది. అడుగున ఉన్న చల్లటి నీరు పైకొస్తుంది. పైన 29 డిగ్రీలు ఉందనుకోండి. యాభై మీటర్ల కింద కూడా 28 ఉంటే ఎంత చిలికినా వేడి నీరే వస్తుంది, మేత తగ్గదు. అదే యాభై మీటర్ల కింద 24 ఉంటే? తుఫాను తన కాళ్ల కిందే చల్లటి నీళ్లు పోసుకున్నట్టే. నెమ్మదిగా కదిలే తుఫాన్లకి ఇది మరీ ఇబ్బంది, ఒకే చోట చిలికీ చిలికీ తమ మేత తామే పాడుచేసుకుంటాయి. వేగంగా వెళ్లేది ఎప్పటికప్పుడు కొత్త నీళ్ల మీదకి వెళ్తుంది.

ఉపగ్రహం పై నీటి వేడి చూపిస్తుంది కానీ అడుగున ఎంత ఉందో నేరుగా చూడలేదు. దానికి ఆర్గో ఫ్లోట్లు ఉన్నాయి. మనిషంత పొడవుండే గొట్టాలు. సముద్రంలో వదిలేస్తే రెండు వేల మీటర్ల లోతుకి దిగి, పది రోజులకోసారి పైకి వస్తూ దారిపొడవునా వేడీ ఉప్పూ కొలుచుకుంటూ వస్తాయి. పైకొచ్చి ఉపగ్రహానికి లెక్కలు పంపి మళ్లీ మునుగుతాయి. మన దేశంలో ఆ లెక్కలు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కి చేరతాయి. సముద్రం లేని ఊళ్లో సముద్రం కొలిచే ఆఫీసేంటని అడుగుతారేమో, నాకూ ఆ సంగతి విన్నప్పుడల్లా సరదాగానే ఉంటుంది.

ఇక్కడ మన బంగాళాఖాతానికి ఒక ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, అటు బర్మా వైపు ఐరావతి. వానాకాలం అంతా ఇన్ని నదుల మంచినీరు వచ్చి ఇందులో పడుతుంది, పైనుంచి వాన కూడా. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. అందుకని పైన తేలికపాటి నీరు ఒక పొరలా పరుచుకుంటుంది. అంత సులువుగా కింది నీటితో కలవదు. తుఫాను ఎంత చిలికినా అడుగునున్న చల్లదనం పైకి రానివ్వకుండా ఆ పొర అడ్డం పడుతుంది. మన చేలకి నీళ్లిచ్చిన ఆ నదులే, అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫానుకి మేత కాపాడి పెడుతున్నాయన్నమాట. ఫైలిన్ మీద తర్వాత వచ్చిన అధ్యయనాలు ఈ మంచినీటి పొరనీ, దాని దారిలో ఉన్న లోతైన వేడి నీటి సుడినీ కారణాలుగా చూపించాయి.

మరి లెహర్ దారిలో ఏముంది? ఇప్పుడు హెలెన్ సంగతి చెప్పాలి. ఎవరూ గుర్తు చెయ్యలేదు, సరే. హెలెన్ నవంబరు 22న మచిలీపట్నం దగ్గరే తీరం దాటింది. ఆ ప్రాంతమంతా అప్పటికే చిలికేసి పోయింది. ఆరు రోజుల తర్వాత లెహర్ ఆ నీళ్ల దగ్గరికే వచ్చింది. పైగా నవంబరు చివర, ఉత్తరం నుంచి చల్లగాలి దిగే కాలం. తీరం దగ్గర సముద్రంలో దాచుకున్న వేడి ఎంతో లేదు.

కానీ నీళ్ల వల్లే లెహర్ చచ్చిందంటే అది సగం కథే. మిగతా సగం ఆకాశంలో ఉంది.

ఒక ప్రశ్న వేస్తాను. జూలై, ఆగస్టుల్లో బంగాళాఖాతం చల్లగా ఉంటుందా? ఉండదు, వేడిగానే ఉంటుంది. వానలూ ఉంటాయి, అల్పపీడనాలూ వారానికొకటి పుడతాయి. మరి ఆ నెలల్లో పెను తుఫాను వచ్చిందని ఎప్పుడైనా విన్నారా? మన పెద్ద తుఫాన్లు ఏవి? దివిసీమ ఉప్పెన 1977 నవంబరు. మచిలీపట్నం తుఫాను 1990 మే. కోనసీమ తుఫాను 1996 నవంబరు. హుద్‌హుద్ 2014 అక్టోబరు. తిత్లీ 2018 అక్టోబరు. నైరుతి నడిచే నెలల్లో ఒక్కటీ లేదు. ఎందుకని?

ఎందుకంటే ఆ నెలల్లో కింద ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తులో గాలి పడమర నుంచి గట్టిగా వీస్తుంది. పైన పన్నెండు, పద్నాలుగు కిలోమీటర్ల ఎత్తులో తూర్పు నుంచి అంతకన్నా గట్టిగా వీస్తుంది. తుఫాను నిటారుగా నిలబడాలి. కింద కన్ను, అంటే సుడి నడిమధ్య, ఎక్కడుందో, పైన వేడెక్కిన గాలి కూడా సరిగ్గా దాని మీదే ఉండాలి. కింద ఒకవైపు, పైన ఇంకోవైపు లాగితే ఒరిగిపోతుంది. వేడి ఒక చోట, సుడి ఒక చోట అయిపోతే పీడనం పడదు. దీన్నే విండ్ షియర్ అంటారు. పై గాలికీ కింది గాలికీ తేడా పది నాట్ల లోపు, అంటే గంటకు సుమారు 18 కిలోమీటర్ల లోపు ఉంటే తుఫానుకి పండగ. ఇరవై దాటిందంటే ఎదగడం కష్టం. నైరుతి వచ్చే ముందూ, వెళ్లిపోయిన తర్వాతా ఈ తేడా తగ్గుతుంది, అందుకే మే, అక్టోబరు, నవంబరు.

ఇంకొకటి పొడి గాలి. తుఫాను మధ్య ఎత్తుల్లోకి భూమి మీద నుంచి పొడి గాలి చొరబడితే వాన చినుకులు దార్లోనే ఆవిరైపోతాయి. అలా ఆవిరైనప్పుడు చుట్టూ గాలి చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. పైకి లేవాల్సిన చోట కిందికి దిగితే ఇంకేముంది? లెహర్ విషయంలో చల్లటి నీళ్లు, పైన గాలి తేడా, ఉత్తరం నుంచి పొడి గాలి, మూడూ ఒకేసారి తగిలాయి. 2022 మేలో అసని కూడా తీవ్ర తుఫానుగా వచ్చి, మచిలీపట్నం చేరేలోపే ఇలాగే నీరసించింది.

సరే, నీళ్లు వేడిగా ఉన్నాయి, ఆ వేడి లోతు దాకా ఉంది, షియర్ లేదు, గాలి తేమగా ఉంది. ఇవన్నీ ముందే కొలవొచ్చు కదా, మరి చెప్పేయొచ్చు కదా, ఈ తుఫాను రేపటికి రాక్షసి అవుతుందని? చెప్పలేరు. అవన్నీ బాగున్నా కొన్ని తుఫాన్లు ఒకట్రెండు రోజులు ఊరికే కూర్చుంటాయి, తర్వాత ఉన్నట్టుండి లేస్తాయి. లోపల ఏం జరుగుతుందన్నది ఇంకా తేలని లెక్క. కన్ను చుట్టూ ఉండే మేఘాల గోడలో కొన్ని మేఘాలు పదిహేను కిలోమీటర్లు దాటి పైకి దూసుకెళ్తాయి. అవి కన్నుకి దగ్గరగా, చుట్టూ సమానంగా లేస్తే కన్ను బిగుసుకుంటుంది. కన్ను చిన్నదయ్యేకొద్దీ తిరిగే వేగం పెరుగుతుంది. చిన్న తుఫాన్లు ఇలా తొందరగా బిగుస్తాయి, తొందరగా చెదురుతాయి కూడా. కోనసీమ తుఫాను అలాంటిదే, విస్తీర్ణంలో చిన్నది. 1996 నవంబరు 4న అల్పపీడనం, 6వ తేదీ రాత్రికి కాకినాడకి దక్షిణాన తీరం దాటేసింది. వెయ్యి మందికి పైగా పోయారు, అందులో వేటకెళ్లి తిరిగిరాని వాళ్లు ఎంతోమంది.

మామూలుగా తుఫాను ఎంత వేగంతో పెరుగుతుంది అన్నదానికి ఒక కొలత ఉంది. మన వాతావరణ శాఖ ఉపగ్రహం ఫొటో చూసి బలం అంచనా వేస్తుంది. మేఘాలు ఎంత చుట్టుకున్నాయి, కన్ను ఎంత స్పష్టంగా ఉంది, చుట్టూ మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉంది, ఇవన్నీ చూసి ఒక నంబరు ఇస్తారు. అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ డ్వొరాక్ 1970ల్లో తయారుచేసిన పద్ధతి ఇది. రెండున్నర వస్తే తుఫాను, నాలుగు వస్తే అతి తీవ్ర తుఫాను, ఆఖరి నంబరు ఎనిమిది. మామూలు తుఫాను రోజుకి ఒక నంబరు చొప్పున పెరుగుతుందని ఆయన లెక్క. ఫైలిన్ రోజున్నరలో రెండున్నర నుంచి ఆరుకి ఎక్కింది. ఒకటిన్నర ఎక్కాల్సింది మూడున్నర ఎక్కింది! ఇరవై నాలుగు గంటల్లో గాలి వేగం 30 నాట్లు, అంటే గంటకు 55 కిలోమీటర్లు పెరిగితే చాలు, దాన్ని ‘ర్యాపిడ్ ఇంటెన్సిఫికేషన్’ కింద రాస్తారు. ఫైలిన్ దాన్ని ఎప్పుడో దాటేసింది.

అమెరికా వాళ్లు తుఫాను లోపలికి విమానాలే పంపుతారు. 1940ల నుంచీ పంపుతున్నారు. అయినా దెబ్బ తిన్నారు. 2023 అక్టోబరు 24, మెక్సికో పశ్చిమ తీరం, అకపుల్కో నగరం. ఆ పొద్దున ఓటిస్ అన్నది ఒక మామూలు తుఫాను. మధ్యాహ్నం విమానం లోపలికెళ్లి కొలిచేసరికి ఉపగ్రహం చూసి అనుకున్నదానికన్నా చాలా బలంగా ఉంది. ఆ అర్ధరాత్రి దాటాక అత్యంత పెద్ద శ్రేణి హరికేన్‌గా నగరం మీద పడింది. గాలి గంటకు 260 కిలోమీటర్ల స్థాయి, వాళ్ల ఒక నిమిషం సగటు లెక్కలో. మనం మూడు నిమిషాల సగటు తీస్తాం, అందుకని వాళ్ల అంకెలు మన అంకెల పక్కన పెట్టి నేరుగా పోల్చకండి, టీవీల్లో రోజూ చేసే పని అదే. పొద్దున పనికెళ్లినవాడికి రాత్రి కిటికీలు ఎగిరిపోతాయని ఎవరు చెప్పగలరు?

అందుకే నాకు పెరిగే వేగం గురించి ఇంత పట్టింపు. తుఫాను ఎటు వెళ్తుందన్న అంచనా గత ఇరవై ఏళ్లలో చాలా బాగుపడింది, ఎంత బలంగా వస్తుందన్నది అంత బాగుపడలేదు. గంటల లెక్క చూడండి. వేటలో వంద కిలోమీటర్ల లోపలున్న బోటు ఒడ్డుకి రావాలంటే ఎంతసేపు? ఇక్కడ బోటు నడిపేవాళ్లున్నారు, మీరే చెప్పండి. పది గంటలా? సముద్రం పోటు మీదుంటే ఇంకా ఎక్కువ, కదా. ఒక ఊరు ఖాళీ చేయించడానికి ఒక పగలు కావాలి, రాత్రి పూట ముసలివాళ్లని బస్సెక్కించడం ఎంత కష్టమో చేసినవాళ్లకి తెలుసు. తుఫాను ఆ పన్నెండు గంటల్లోనే రెండు మెట్లు ఎక్కేస్తే? తిత్లీ అక్టోబరు 9న తుఫాను. 10న తీవ్ర, అదే రోజు అతి తీవ్ర. 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, 140 నుంచి 150 కిలోమీటర్ల గాలులతో. ఉద్దానం వాళ్లున్నారు కదా ఈ హాల్లో, కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

బులెటిన్ చదివేటప్పుడు ఇవాళ్టి పేరు ఒక్కటే చూసి ఊరుకోకండి. నిన్న ఇదే వేళకి ఎంతుంది, ఇప్పుడెంతుంది, ఆ రెండూ పక్కపక్కన రాసుకోండి. నిన్న 60, ఇవాళ 90 అయితే రేపటి అంకె మీద నమ్మకం పెట్టుకోకుండా ఒక మెట్టు పైన ఊహించుకుని సర్దుకోండి. ఒకటో నంబరు, మూడో నంబరు ప్రమాద హెచ్చరికలు ఓడరేవుల్లో ఆ పూటకి తెలిసినదాన్ని బట్టి ఎగరేస్తారు, రేపటి రాత్రికి హామీ కాదు. లెహర్‌లా కరిగిపోతే? పోనీండి. ఒక రోజు వేట పోతుంది, ఒక రాత్రి స్కూల్లో పడుకుంటాం, పులిహోర పొట్లాలు తింటాం.

భూతాపం సంగతి చెప్పమని చీటీ పంపారు. క్లుప్తంగా చెప్తాను. మొత్తం తుఫాన్ల సంఖ్య పెరుగుతోందని తేల్చి చెప్పడం కష్టం. వచ్చేవాటిలో బాగా బలమైనవాటి వాటా గత నాలుగు దశాబ్దాల్లో పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ నివేదిక చెప్పింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. సముద్రం లోతుగా వేడెక్కుతోంది. మేత పెరిగితే ఏమవుతుందో ఇందాకే చెప్పుకున్నాం. 2020 మేలో ఆంఫన్ రెండు రోజుల లోపే మామూలు తుఫాను నుంచి సూపర్ సైక్లోన్ అయింది, బంగాళాఖాతంలో 1999 తర్వాత అదే మొదటిది.

ఇంకో చీటీ ఉంది, ముందు వరుస నుంచే వచ్చింది. ‘ఇన్ని తెలుసు కదా, విమానంలో వెళ్లి ఏదైనా చల్లి తుఫానుని చంపలేమా?’ మంచి ప్రశ్న, అడిగిందెవరో చెయ్యెత్తమ్మా. అమెరికా వాళ్లు సరిగ్గా ఇదే చేశారు. 1962లో స్టార్మ్‌ఫ్యూరీ అని ఒక ప్రాజెక్టు పెట్టి, హరికేన్ కన్ను బయట మేఘాల్లో సిల్వర్ అయొడైడ్ చల్లారు. బయట ఇంకో మేఘాల గోడ లేస్తే లోపలి గోడకి తేమ అందక గాలి తగ్గుతుందని వాళ్ల ఆలోచన. 1969 ఆగస్టులో డెబ్బీ అనే హరికేన్ మీద రెండు రోజులు చల్లితే ఒకరోజు గాలి 31 శాతం, ఇంకోరోజు 18 శాతం తగ్గింది. ఎంత సంబరపడి ఉంటారో ఊహించండి. తర్వాత ఏళ్లలో తెలిసిందేంటంటే, బలమైన తుఫాన్లు ఎవరూ ఏమీ చల్లకపోయినా తమంతట తామే ఆ పని చేస్తాయి. బయట కొత్త గోడ కట్టుకుంటాయి, లోపలిది కూలిపోతుంది, గాలి కొంత తగ్గుతుంది, తర్వాత మళ్లీ పుంజుకుంటాయి. పైగా సిల్వర్ అయొడైడ్ పట్టుకుని గడ్డకట్టాల్సిన అతిశీతల నీటి చుక్కలు, అంటే సున్నా డిగ్రీల కిందకి చల్లబడినా ఇంకా నీరుగానే ఉన్నవి, ఆ మేఘాల్లో తగినన్ని లేనే లేవు. డెబ్బీ మందు వల్ల తగ్గిందో, తనంతట తాను తగ్గిందో తేల్చే దారి లేకపోయింది. 1983లో ప్రాజెక్టు మూసేశారు.